కొబ్బరికాయ ఎవరు కొట్టారో సరే, సంతకం ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రైళ్ల గురించే. హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్, మెట్రో, బడ్జెట్‌లో మన వాటా, పెద్ద కుర్చీల్లో ఎవరు ఎలా కూర్చుంటారన్న సందేహాలు. నేను రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఇంజిన్ ఎలా నడుస్తుందని అడిగితే చెప్పలేను గానీ, దాని బిల్లు ఏ టేబుల్ దగ్గర ఆగిందో మాత్రం వాసన పట్టగలను. ఆ మేరకే జవాబులు.

ప్రశ్న: మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ ఎంఎంటీఎస్‌లో వెళ్లొస్తాను. ఒక బండి తప్పితే ఇంకోదాని కోసం ఎదురుచూసే బదులు బస్సెక్కడమే నయం. రాష్ట్రం వాటా ఇవ్వలేదని రైల్వే అంటుంది, ఆలస్యం రైల్వేదేనని రాష్ట్రం అంటుంది. ఇందులో తప్పెవరిది మేడమ్?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, మేడ్చల్

బాబూ, మా అత్తగారు ఒక సామెత చెప్పేవారు: ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందట. ఎంఎంటీఎస్ రెండో దశ అలాంటి ఉమ్మడి గొడ్డే.

2003లో మొదలైన మొదటి దశలో రైల్వే సగం, రాష్ట్రం సగం పెట్టుకున్నాయి. రెండో దశ 2012-13లో మంజూరైంది. అప్పటి అంచనా సుమారు 816 కోట్లు. ఈసారి మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే. పని చేసేది రైల్వే వికాస్ నిగమ్, అంటే ఆర్‌వీఎన్‌ఎల్. ఒప్పుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు. రెండేళ్లు తిరిగేసరికి రాష్ట్రమే రెండైంది. పాత సర్కారు ఒప్పుకున్న బాకీని కొత్త సర్కారు ఎంత ఉత్సాహంగా తీరుస్తుందో ఊహించుకోండి. ఇక ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చింది. 2023 ఏప్రిల్ 8న పరేడ్ గ్రౌండ్స్ సభలో ప్రధాని 13 కొత్త సర్వీసులకు జెండా ఊపారు. మీ మేడ్చల్‌కు బండి వచ్చింది అప్పుడే. సనత్‌నగర్–మౌలాలి లైను మీద లింగంపల్లి, ఘట్‌కేసర్ మధ్య బండి తిరగడానికి 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

ఇలాంటి పనుల్లో డబ్బు ఎలా నడుస్తుందో చెబుతాను. రైల్వే నుంచి డిమాండ్ లెటర్ వెళ్తుంది: ఇంత కట్టండి అని. అది సచివాలయంలో సంబంధిత శాఖకు, అక్కడి నుంచి ఆర్థిక శాఖకు చేరుతుంది. పరిపాలనా అనుమతి జీవో వస్తుంది. మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టేది సరిగ్గా ఈ దశలోనే. ఆ తర్వాత బీఆర్‌వో, అంటే బడ్జెట్ రిలీజ్ ఆర్డర్. అదీ వచ్చాక బిల్లు పెడితే ఒక టోకెన్ నంబర్ పడుతుంది. టోకెన్ పడ్డ ప్రతి బిల్లుకూ డబ్బు పడదన్న సంగతి మన దగ్గర రోడ్లు వేసిన ఏ కాంట్రాక్టర్‌ను అడిగినా కళ్లనీళ్లతో చెబుతాడు. జీవో తేదీకి, డబ్బు జమైన తేదీకి మధ్య ఒక్కోసారి ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. అందుకే ‘మేం ఇచ్చేశాం’ అని ఒకరు, ‘మాకు రాలేదు’ అని ఇంకొకరు ఒకే రోజు చెప్పినా ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఒకరు జీవో చూపిస్తున్నారు, ఇంకొకరు పాస్‌బుక్.

కాబట్టి తప్పెవరిదని కాకుండా, ప్రతి విడతకూ మూడు తేదీలు అడగండి. డిమాండ్ లెటర్ ఎప్పుడు వెళ్లింది, బీఆర్‌వో ఎప్పుడు వచ్చింది, సొమ్ము ఎప్పుడు జమైంది. మొదటిదీ మూడోదీ ఆర్‌వీఎన్‌ఎల్ చెప్పాలి. మధ్యది రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి. ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే ఆలస్యం ఎవరి టేబుల్ దగ్గరుందో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. వాటా కట్టడం ఆలస్యమైతే పని ఆగుతుంది గానీ, ఈ రెండు చోట్లా ఎవరి జీతమూ ఆగదు కదా.

ఇంకో మాట. లైను వేసే డబ్బు, బండ్లు కొనే డబ్బు ఒక పద్దులోవి కావు. పైగా ఎంఎంటీఎస్‌కు మెట్రోలా సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు తిరిగే లైన్ల మీదే అదీ తిరగాలి. రోజుకెన్ని బండ్లు నడపాలన్నది జోన్‌లోని ఆపరేటింగ్ విభాగం చూసుకునే పని. రాష్ట్రం రేపే బాకీ మొత్తం కట్టేసినా మీ ప్లాట్‌ఫారం మీదికి బండి దానంతటది రాదు. ఆ ప్రశ్న జోన్ ప్రధాన కార్యాలయం రైల్ నిలయానికి విడిగా పంపండి. రెండూ కలిపి రాస్తే ఒకదాని సాకుతో రెండోదానికి జవాబు ఎగ్గొడతారు.

ప్రశ్న: ప్రతి ఫిబ్రవరిలో ‘తెలంగాణ రైల్వేలకు వేల కోట్లు’ అని పేపర్లో చదువుతాం. మార్చి వచ్చేసరికి మర్చిపోతాం. ఆ డబ్బు నిజంగా ఖర్చయిందో లేదో మాలాంటివాళ్లకు తెలిసే దారి ఉందా?
– రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి

ఉంది మాస్టారూ, కాస్త ఓపిక కావాలి.

92 ఏళ్ల పాటు రైల్వేకు విడి బడ్జెట్ ఉండేది. 2017-18 నుంచి సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. అప్పట్నుంచి ఏమైందంటే, బడ్జెట్ అయ్యాక రైల్వే మంత్రి వీడియో కాన్ఫరెన్స్ పెట్టి రాష్ట్రానికింత అని ఒక అంకె చెబుతారు. 2025-26కు తెలంగాణకు 5,337 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు అన్నారు. దానికి ముందు ఏడాది మనకు 5,336 కోట్లు. ఏడాదికి పెరిగింది కోటి రూపాయలన్న మాట! పక్కనే ఎప్పుడూ ఇంకో అంకె వినిపిస్తుంది: 2009-14 మధ్య ఉమ్మడి రాష్ట్రానికి ఏటా సగటున 886 కోట్లే వచ్చేవని. కేటాయింపులు బాగా పెరిగాయన్నది నిజం. నేను కాదనను. కానీ ఆ 5,337లో ఏ లైనుకెంత, ఏ స్టేషన్‌కెంత అన్నది ప్రెస్‌మీట్‌లో దొరకదు.

దొరికేది పింక్ బుక్‌లో. అట్ట రంగును బట్టి వచ్చిన పేరు. జోన్ల వారీగా ఉంటుంది, మనది దక్షిణ మధ్య రైల్వే. రైల్వే బోర్డు వెబ్‌సైట్లో పెడతారు. కొత్త లైన్లు 11వ పద్దు, డబ్లింగ్ 15, పట్టాల మార్పిడి 31, ప్రయాణికుల సౌకర్యాలు 53. ప్రతి పనికీ ఒక వరస ఉంటుంది. ఆ వరసలో మొత్తం అంచనా ఎంత, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఈ ఏడాదికి ఎంత పెట్టారు అని గడులు ఉంటాయి. అంకెలన్నీ వేల రూపాయల్లో. ఇది మర్చిపోతే లక్షలను కోట్లుగా, కోట్లను లక్షలుగా చదివేస్తారు. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారమంతా ఇదే నేర్పేదాన్ని.

ఇప్పుడు అసలు తమాషా. కొన్ని వరసల్లో ఈ ఏడాది గడిలో ‘1’ అని ఉంటుంది. అంటే వెయ్యి రూపాయలు. వందల కోట్ల పనికి వెయ్యి రూపాయలు! దాంతో సైట్‌లో కూలీలకు ఒక పూట టీ కూడా రాదు. అది ఎందుకంటే, పనిని పుస్తకంలోంచి తీసేయకుండా ప్రాణం నిలిపి ఉంచడానికి. తీసేస్తే ఆ నియోజకవర్గం ఎంపీ గొడవ చేస్తారు, ఉంచితే డబ్బు లేదు. అందుకని వెయ్యి. మీ ప్రాంతం లైను ‘బడ్జెట్‌లో ఉంది’ అని ఎవరైనా చెబితే, ఏ గడిలో ఎంత ఉందని అడగండి.

ఇంకొక కిటుకు. ఈ ఏడాది పుస్తకం ఒక్కటే చూస్తే లాభం లేదు. పక్కన వచ్చే ఏడాది పుస్తకం పెట్టుకుని ‘ఇప్పటిదాకా ఖర్చు’ గడి ఎంత కదిలిందో చూడాలి. ఆరు వందల కోట్లు ఇచ్చామన్న పనికి ఆ గడి నలభై కోట్లే కదిలితే మిగతాది ఎక్కడికో మళ్లినట్టు. మళ్లడం నేరం కాదు, రూల్స్ ఒప్పుకుంటాయి. భూసేకరణ కాలేదని, ఫారెస్ట్ క్లియరెన్స్ రాలేదని కారణాలుంటాయి. భూమి రాష్ట్రం చేతిలో పని కాబట్టి మళ్లీ మేడ్చల్ బాబుకు చెప్పిన కథే. ఆ కారణాన్ని లిఖితపూర్వకంగా అడిగే హక్కు మాత్రం మీకుంది, మీ ఎంపీకి ఇంకా ఎక్కువుంది. పార్లమెంటులో నక్షత్రం గుర్తు లేని ప్రశ్న వేస్తే రాతపూర్వక జవాబు వస్తుంది. అది రికార్డులో నిలబడుతుంది. ఓట్లకొచ్చినప్పుడు దండ వేసే బదులు ఒక ప్రశ్న రాసి చేతిలో పెట్టండి మాస్టారూ.

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. రైల్వే బోర్డు ఛైర్మన్‌ను, మెట్రో ఎండీని ఎవరు నియమిస్తారు? వాళ్లు ఎవరికి జవాబుదారీ? ఎగ్జామ్‌కే కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.
– ఒక విద్యార్థిని, అశోక్‌నగర్

ముందు ఎగ్జామ్ జవాబు రాసుకో తల్లీ. రైల్వే బోర్డు ఛైర్మన్‌కు సీఈవో హోదా కూడా ఉంటుంది. నియామకం కేబినెట్ నియామకాల కమిటీ చేతిలో. అందులో ప్రధాని, హోంమంత్రి ఉంటారు. ఆర్‌వీఎన్‌ఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల అధిపతులైతే పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ చేసి పేరు సిఫార్సు చేస్తుంది, విజిలెన్స్ క్లియరెన్స్ తీసుకుంటారు, ఆఖరి మాట మళ్లీ ఆ కమిటీదే. మెట్రోల విషయం వేరు. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల కేంద్రం సగం, రాష్ట్రం సగం వాటాతో కంపెనీ పెడతారు. ఛైర్మన్ కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ కార్యదర్శి, ఎండీ రాష్ట్రం పంపిన మనిషి. మన హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్, అదే హెచ్‌ఎంఆర్‌ఎల్, రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ. ఎండీ నియామకం రాష్ట్ర జీవోతోనే.

ఎగ్జామ్ అయింది. ఇప్పుడు అసలు ప్రశ్న.

ఎవరు నియమించారన్నది సగమే. ఎంతకాలానికి నియమించారన్నది మిగతా సగం. దాన్ని మన పేపర్లు ఒక్క లైనులో తేల్చేస్తాయి. వినోద్ కుమార్ యాదవ్ గుర్తున్నారా? ఇక్కడ సికింద్రాబాద్‌లో జీఎంగా చేసి 2019లో రైల్వే బోర్డు ఛైర్మన్ అయ్యారు. ఆ ఏడాది చివర రిటైర్మెంట్. తర్వాత ఇంకో ఏడాదికి మళ్లీ నియమించారు. 2023 సెప్టెంబరులో జయ వర్మ సిన్హా వచ్చారు, ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, మా రోజుల్లో ఆఫీసర్ల మీటింగ్‌లో ఒక్క చీర కనిపిస్తే గొప్ప. కానీ చూడు, ఆవిడ రిటైర్మెంట్ తేదీ ఆ అక్టోబరు 1. అదే రోజు తిరిగి తీసుకుని 2024 ఆగస్టు 31 దాకా ఉంచారు. ఇవన్నీ రూల్స్ ప్రకారమే జరిగాయి. ఆ మనుషుల సమర్థత గురించి నాకే అనుమానమూ లేదు. నేను అడిగేదల్లా ఇది: పదకొండు నెలలకో, ఏడాదికో పొడిగింపు మీద కూర్చున్న అధికారి, పొడిగింపు ఇచ్చే చేతులు పంపిన ఫైలు మీద ‘ఇది కుదరదు’ అని రాయగలరా? రాసేవాళ్లూ ఉంటారు. అందరినీ అలా ఉండమనడం అత్యాశ.

రాష్ట్రాల్లో ఇది ఇంకా నాజూకుగా నడుస్తుంది. నియామకం జీవోల్లో రెండు మాటలు తరచూ కనిపిస్తాయి: ‘పూర్తి అదనపు బాధ్యతలు’, ‘తదుపరి ఉత్తర్వుల వరకు’. మొదటిది ఉంటే ఆయనకు ఇంకో కుర్చీ ఉంది, ఈ పని సాయంత్రం చూస్తారు. రెండోది ఉంటే రేపు పొద్దున్నే ఇంటికి పంపొచ్చు. మూడేళ్లనో, ఐదేళ్లనో గడువు రాసి, మధ్యలో తీసేస్తే కారణం చెప్పాలన్న షరతు పెడితే ఎండీకి కొంచెం వెన్నెముక వస్తుంది, గడువు తీరాక లెక్క అడగడానికి మనకూ ఒక తేదీ దొరుకుతుంది.

దీనికి రెండో వైపూ ఉంది. ఎన్.వి.ఎస్. రెడ్డి దాదాపు పద్దెనిమిదేళ్లు మన మెట్రోకు ఎండీగా ఉన్నారు. ఆయనా రైల్వే అకౌంట్స్ సర్వీస్ నుంచి వచ్చినవారే కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉండొచ్చు, ముందే చెబుతున్నా. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం మారింది, ఆయన మారలేదు. ఆ నిలకడ వల్లే కోర్టు కేసులు, ఆస్తుల సేకరణ దాటుకుని 69 కిలోమీటర్ల లైను లేచిందని నా అభిప్రాయం. అయితే అంతకాలం ఒకే మనిషి ఉంటే సంస్థ ఏదో, మనిషి ఏదో విడదీయడం కష్టమవుతుంది. 2025 సెప్టెంబరులో ఆయన్ను ప్రభుత్వ సలహాదారుగా పంపి ఐఏఎస్ అధికారి సర్ఫరాజ్ అహ్మద్‌ను ఎండీగా తెచ్చారు. ఇన్నేళ్ల పనికి లెక్క ఇదీ అని ఎవరైనా శాసనసభ ముందు ఒక కాగితం పెట్టి ఉంటే బాగుండేది అనిపిస్తుంది నాకు.

కుర్చీ గట్టిగా ఉంటే ఏమవుతుందో మన మెట్రో పుట్టుకలోనే ఒక ఉదాహరణ ఉంది. 2008లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీ టెండర్ గెలిచింది. సర్కారు దగ్గర పైసా అడక్కపోగా, తానే 30,311 కోట్లు ఎదురిస్తానంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఢిల్లీ మెట్రో ఎండీ శ్రీధరన్ మాత్రం ఇది రైలు కోసం కాదు, భూముల కోసం చేసిన లెక్కలా ఉందని ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. మన రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ను క్షమాపణ చెప్పమంది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఆ జూలైలో మేటాస్ కాంట్రాక్టు రద్దయింది. శ్రీధరన్ ఉద్యోగం హైదరాబాద్ జీవో మీద ఆధారపడి లేదు. ఉండి ఉంటే ఆ ఉత్తరం రాసేవారా? ఆయన రాసేవారేమో. ఆ స్థానంలో ఇంకొకరుంటే అనుమానమే.

ప్రశ్న: నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్తాను. 2025 మేలో ఛార్జీలు పెంచారు. మెట్రో కట్టి నడిపిన ఎల్ అండ్ టీ వెళ్లిపోతోంది, సర్కారు తీసుకుంటోంది అంటున్నారు. ఇక ఛార్జీ పెంచితే ఎవరిని నిలదీయాలి?
– ఐటీ ఉద్యోగి, నాగోల్

పెంచిన ఛార్జీ 12 నుంచి 75 రూపాయలు. గోల అయ్యాక పది శాతం తగ్గించి 11 నుంచి 69 చేశారు. 2002 మెట్రో చట్టం ప్రకారం మొదటిసారి ఛార్జీ కంపెనీ పెట్టుకుంటుంది, తర్వాత మార్చాలంటే కేంద్రం వేసే ఛార్జీల నిర్ణయ కమిటీ చెప్పాలి. కమిటీ మాటకు కంపెనీ కట్టుబడాలి. అంటే పెంపు రోజున ఎల్ అండ్ టీ కమిటీని చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం చట్టాన్ని చూపిస్తుంది. మీరు మీ కార్డులో బ్యాలెన్స్ చూసుకుంటారు. సర్కారు తీసుకున్నంత మాత్రాన ఈ చట్టం మారదు.

మారేది వేరే ఉంది. 2025 సెప్టెంబరులో కుదిరిన అవగాహన ప్రకారం సుమారు 13,000 కోట్ల అప్పు రాష్ట్రం మీదికి వస్తుంది, వాటా కింద కంపెనీకి 2,000 కోట్లు ఇవ్వాలి. ఇన్నాళ్లూ అది ప్రైవేటు కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న తలనొప్పి. ప్రభుత్వ కంపెనీ అయితే ఆడిటర్‌ను కాగ్ నియమిస్తుంది, వార్షిక నివేదిక శాసనసభ ముందు పెట్టాలి. అప్పుకు రాష్ట్రం గ్యారంటీ ఇస్తే బడ్జెట్ పుస్తకాల్లో గ్యారంటీల పట్టికలో కనిపించాలి. అక్కడ కనిపించకపోతే ఎక్కడ దాచారని మీ ఎమ్మెల్యేను అడగండి. ఎల్ అండ్ టీకి రియల్ ఎస్టేట్ కోసం ఇచ్చిన 269 ఎకరాల సంగతీ అడగండి, అప్పు కన్నా ఆ భూముల లెక్కే నాకు ఆసక్తి.

మెట్రో రెండో దశకు ఇదంతా ముడిపడి ఉంది. 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్ల అంచనాతో రాష్ట్రం పంపిన ప్రతిపాదనలో కేంద్రం వాటా 18 శాతం, రాష్ట్రం వాటా 30 శాతం, అప్పులు 48 శాతం. చెన్నై రెండో దశకు కేంద్ర కేబినెట్ ఆమోదం 2024 అక్టోబరులో గానీ రాలేదు, అప్పటిదాకా ఆ రాష్ట్రం సొంత ఖర్చుతో నెట్టుకొచ్చింది. కాబట్టి శంకుస్థాపన ఫొటో చూసి ఫ్లాట్ బుక్ చేయకండి. ఎయిర్‌పోర్ట్ మెట్రోకు 2022 డిసెంబరులో రాయదుర్గం వైపు రాయి వేశారు, ఏడాదికే సర్కారు మారి ఆ దారే రద్దయింది.

ప్రశ్న: పాతబస్తీ మెట్రో గురించి సమాచార హక్కు కింద అడగాలంటే ఎవరికి రాయాలి, ఎంత కట్టాలి?
– దుకాణదారు, ఫలక్‌నుమా

భాయ్, రసూల్‌పురాలోని మెట్రో రైల్ భవన్, పౌర సమాచార అధికారి పేరున రాయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఆ కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు, 2025 మేలో గానీ నియమించలేదు. ఆ పాత అప్పీళ్ల కట్టలున్నాయి కాబట్టి మీ వంతుకు టైమ్ పట్టొచ్చు.

ప్రశ్న మాత్రం పొడవుగా రాయకండి. ‘ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట లైనుకు ఈ ఆర్థిక సంవత్సరంలో విడుదలైన సొమ్ము, విడుదల ఉత్తర్వు ప్రతి, ఖర్చయిన సొమ్ము, పరిహారం చెక్కులు ఇచ్చిన ఆస్తుల సంఖ్య’ చాలు. ఎందుకు ఆలస్యమైందని రాస్తే అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపేస్తారు. దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అప్పీలుకు అది కావాలి.